పెళ్లి షేర్వానీ, ఇటలీ సూటు, బావమరిది పంపిన బ్రాండ్లు: అల్మరా ఖాళీ చేయాలి, ఏం చేయమంటారు?

మియాపూర్_మురళి

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. కొత్త ఫ్లాట్‌లో అల్మరాలు తక్కువ. మా ఆవిడ నా బట్టల వైపు చూపించి, "వీటి సంగతి మీరు తేలుస్తారా, నన్ను తేల్చమంటారా" అంది. అందుకే మీ ముందు పెడుతున్నా.

షేర్వానీ ఒకటి. పేరున్న ఢిల్లీ డిజైనర్‌ది. రిసెప్షన్‌కి మా మామగారు కొనిపెట్టారు. ఐవరీ రంగు రా సిల్కు, మెడకీ ఛాతీకీ చేతుల చివరా జర్దోజీ పని, అంటే లోహపు తీగతో చేసే ఎంబ్రాయిడరీ. అప్పట్లో లక్షా నలభై వేలు. ఆ ఒక్క రాత్రే వేశాను. ఇప్పుడు గుండీలు పట్టవు.

నల్ల వెల్వెట్ బంద్‌గలా (మెడ మూసి ఉండే కోటు) ఒకటి, మరదలి పెళ్లికి కొన్నది. ఇదీ ఛాతీ దగ్గర బిగుతే.

జెన్యా అనే ఇటలీ బ్రాండ్ సూటు. బావమరిది డాలస్ నుంచి తెచ్చాడు. నేవీ బ్లూ, ఉన్ని బట్ట. లేబుల్ మీద 52 అని ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే ఒక్క మనిషి అడగలేదు.

ఇవి కాక స్లిమ్ ఫిట్ చొక్కాలు, ఛాతీ మీద అరచేయంత లోగో ఉన్న టీషర్టులు. ఇవన్నీ కూడా బావమరిది ప్రేమే.

అమ్మాలా, ఎవరికైనా ఇవ్వాలా, విప్పించి మళ్లీ కుట్టించుకోవాలా? మామగారు మా పక్క వీధిలోనే ఉంటారన్నది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పత్తర్‌గట్టి_పాతకాపు

అల్మరా నిండిందని పరేషాన్ గాకు తమ్మీ. ఒకపాలి పురానీ హవేలీల నిజాం మ్యూజియం చూసి రా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు ఆడనే ఉన్నయ్. బర్మా టేకు, రెండంతస్తులు, హాలు ఈ కొసకెల్లి ఆ కొసదాక. ఆయన ఒక్కసారి తొడిగింది మళ్ల తొడగకపోతుండె అని చెప్పుకుంటరు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937ల టైమ్ పత్రిక లోకంలనే అందరికంటె ధనవంతుడని అట్ట మీద ఏసింది. ఆయనేమో పాత షేర్వానీ, మాసిన టోపీతోనే ఎళ్లదీసిండని పేరు. ఒకే ఇంట్ల రెండు తరీకలు. నువ్వు తండ్రి దిక్కా, కొడుకు దిక్కా?

ఇగ అసలు ముచ్చటకొస్త. పాతబస్తీల మదీనా, పత్తర్‌గట్టి దిక్కు షేర్వానీలు కిరాయికిచ్చే దుకాణాలున్నయ్. నీ లక్షా నలభై సంగతి ఆళ్లు అడగనే అడగరు. ఎన్ని దావత్‌లకు కిరాయికి పోతదో అదే లెక్క. ఐవరీ అంటేనే జెర ఎనకకు జరుగుతరు. ఒక్క మిర్చీ కా సాలన్ చుక్క పడ్డదంటె మళ్ల డ్రైక్లీనింగ్ ఖర్చు. మెరూన్, నలుపు అయితె చేతిల పట్టుకొని చూస్తరు. నీ నల్ల బంద్‌గలా తీస్కపోయి చూపెట్టు. షేర్వానీకి మాత్రం ఆశ పెట్టుకోకు.

కూకట్‌పల్లి_కుర్రోడు

స్టీలు సామాన్ల ఆంటీ వీధిలోకి వస్తుంది కదా అన్నా, ఇచ్చేయ్. జెన్యా సూటుకి ఒక ఇడ్లీ పాత్రయినా రాదా 😂

మియాపూర్_మురళి

తమ్ముడూ, ఆవిడ సూటు తీసుకోదు. అడిగాం. "ప్యాంటు వేరుగా ఇస్తే తీసుకుంటా, కోటు ఎవరు వేస్తారయ్యా" అంది.

గుంటూరు_టైలర్_బాషా

మురళి గారూ, అమ్మడమా ఇవ్వడమా తర్వాత చూద్దాం. ముందు బట్ట తిరగేసి లోపల చూడండి. మా నాన్న దగ్గర్నుంచీ మేం కోట్లే కుడుతున్నాం, ఆ లెక్కన చెబుతున్నా.

సూటు సంగతి. ప్యాంటు వెనక నడుం కుట్టు దగ్గర మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మార్జిన్ వదులుతారు. అంతవరకు లూజు చేయొచ్చు. కోటుకి వీపు మధ్య కుట్టు, పక్క కుట్లు విప్పితే మొత్తం మీద ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర వస్తుంది. భుజాల జోలికి మాత్రం పోవద్దు. భుజం మార్చాలంటే చెయ్యి ఊడదీయాలి, ప్యాడ్ తీయాలి, కాలర్ కదపాలి. ఆ కూలికి కొత్త కోటు కుట్టించుకోవచ్చు. కాబట్టి తొడిగి అద్దంలో భుజాలు చూసుకోండి. భుజం సరిపోయి పొట్ట దగ్గర బిగుతంటే ఆ కోటు బతుకుతుంది. భుజమే కుదరకపోతే ఎవరికి సరిపోతుందో వాళ్లకి పోనివ్వండి.

ఇంకోటి. కింది గుండీ పక్కన బట్టని రెండు వేళ్లతో పట్టి, పైపొరనీ లోపొరనీ వేరుగా లాగండి. మధ్యలో మూడో పొర ఒకటి వేళ్లకి విడిగా తగిలితే అది కాన్వాస్ వేసిన కోటు. తగలకపోతే లోపల గమ్ముతో అంటించిన ఫ్యూజింగ్. ఫ్యూజింగ్ కోటు డ్రైవాష్‌కి పోగా పోగా ఛాతీ దగ్గర పొక్కులు లేస్తుంది, దాన్ని ఎవడూ బాగు చేయలేడు. కాన్వాస్‌దైతే మాత్రం తొందరపడి ఇచ్చేయకండి. అది ఇంకో మనిషి జీవితకాలం నడుస్తుంది.

వెల్వెట్‌ని విప్పొద్దు. పాత కుట్టు గీత చార లాగా కనపడుతూనే ఉంటుంది. ఇస్త్రీ పెట్టినా నూగు అణిగిపోతుంది, ఆవిరి పట్టాల్సిందే.

షేర్వానీ గురించి నాకో ఆలోచన ఉంది. ఛాతీ బిగుతైనప్పుడు పక్కలు విప్పి ఊరుకోవడం కాదు. చేతులు తీసేయండి. పొడుగు తుంటి దగ్గరికి తగ్గించండి. ఆ చేతుల బట్టా, కిందనుంచి తీసిన బట్టా మీ చేతిలో మిగులుతుంది కదా, అదే రంగు, అదే నేత. దాన్ని రెండు పక్కలా పట్టీలుగా వేస్తే ఛాతీ మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. మెడ మీద, ఛాతీ మీద జర్దోజీ పని చెక్కుచెదరదు. చక్కటి నెహ్రూ జాకెట్ అవుతుంది. కింద తెల్ల కుర్తా, పంచె కట్టి గృహప్రవేశానికి వేసుకోవచ్చు. జర్దోజీ మీద మిషను నడిపే చోట ముందు చేత్తో తీగ విప్పాలి, లేకపోతే సూది విరుగుతుంది. ఆ పని తెలిసిన మనిషికే ఇవ్వండి.

మియాపూర్_మురళి

బాషా గారూ, చేతుల బట్టతో పక్కలు వేయడం అన్న ముక్క ఇక్కడ ఇద్దరు టైలర్లకి తోచలేదు. ఇప్పుడే సూటు తొడిగి చూశా. భుజం కుదరలేదు, ఇరుకు. మూడో పొర మాత్రం ఉంది!

ప్లానో_పద్మజ

మురళి గారూ, మీ సూటు ఎవరూ అడగకపోవడానికి కారణం నాకు తెలుసు. 52 అన్నది ఇటలీ కొలత. అందులోంచి పది తీసేస్తే మన దగ్గర, ఇక్కడ అమెరికాలో వాడే సైజు వస్తుంది, అంటే 42. హైదరాబాద్‌లో 52 అని చదివినవాళ్లు యాభై రెండు అంగుళాల ఛాతీ అనుకుని దాటేసి ఉంటారు. 42 అని రాసి మళ్లీ పెట్టండి.

పెట్టేటప్పుడు సైజు ఒక్కటే చాలదు. కోటుని బల్ల మీద పరిచి గుండీలు పెట్టి, ఒక చంక నుంచి ఇంకో చంకకి కొలవండి. భుజం నుంచి భుజానికి, చెయ్యి పొడుగు, కాలర్ కింద నుంచి అంచు దాకా. ప్యాంటుకి నడుము, లోపలి కాలు పొడుగు, లోపల ఎంత మార్జిన్ మిగిలిందో అదీ. లేబుల్, లోపల జేబులో ఉండే బట్ట వివరాల చీటీ, గుండీలు, లైనింగ్ అన్నిటికీ దగ్గర ఫొటోలు. మరక ఉంటే దాచకండి, దానికే ఒక ఫొటో తీయండి. కొనేవాళ్లకి దాంతోనే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడైతే వాడిన బట్టలు అమ్ముకునే సైట్లున్నాయి. మగవాళ్ల బ్రాండ్లకి గ్రెయిల్డ్ ఉంది, ఖరీదైనవాటికి ద రియల్‌రియల్, వెస్టియేర్ ఉన్నాయి. పాష్‌మార్క్ అనే ఇంకో సైట్‌లో పదిహేను డాలర్లు దాటిన అమ్మకం మీద ఇరవై శాతం వాళ్లు ఉంచుకుంటారు. వాటిలో అమ్మిన అనుభవంతో చెబుతున్నా, ఉన్ని సూట్లు, తోలు బూట్లు, మంచి ఓవర్‌కోట్లు పోతాయి. మన పెళ్లి షేర్వానీలు మాత్రం కదలవు. మా గరాజ్‌లో మావారిది ఒకటి ఉంది, కావాలన్నవాళ్లకి పంపించే ఖర్చు కూడా నేనే పెట్టుకుంటానన్నా తీసుకునే నాథుడు లేడు.

లోగో టీషర్టుల విషయంలో ఒక్క జాగ్రత్త. బావమరిది బిల్లు ఉందా? అసలుదో కాదో మీకే తెలియని వస్తువుని అసలుదని రాసి అమ్మకండి. నకిలీ బ్రాండు అమ్మడం నేరం, కొన్నదెవరైనా అమ్మినవాళ్ల మెడకి చుట్టుకుంటుంది.

మియాపూర్_మురళి

ఆ టీషర్టుల బిల్లు అడిగితే డాలస్‌లో ఫోను మూగబోయింది. అర్థమైంది. ఇంట్లో వేసుకుంటా.

వైజాగ్_వాణి

అందరూ కొలతల మీద పడ్డారు, అసలు చిక్కు మామగారు కదా. పెళ్లి బట్టలు ఇంట్లోంచి పంపకూడదని మా అత్తగారు కూడా అనేవారు. నేను ఒక్కటే అడిగాను, "మూడు ముళ్లు వేసినప్పుడు మీ అబ్బాయి ఒంటి మీద ఏముంది అత్తయ్యా" అని. మధుపర్కాలు, అంతేగా. తెల్లటి నూలు పంచె, రంగు అంచు. అవి మేం ఇప్పటికీ దాచుకున్నాం, పసుపు మరకలతో సహా. షేర్వానీ రిసెప్షన్‌లో ఫొటోలకి నిలబడటానికి వేసింది. దాన్ని పవిత్రం చేసి బీరువాలో పాతిపెట్టడం ఎందుకు? ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే వాడు బరువు తగ్గేవరకు ఉంచు" అన్నారు. అదీ సంగతి.

కానీ మామగారికి చెప్పకుండా మాత్రం చేయకండి. పక్క వీధిలో ఉంటారంటున్నారు, రేపు ఆ షేర్వానీ ఇంకెవరి ఒంటి మీదో ఏ ఫంక్షన్ హాల్లోనో కనపడితే ఆ మాట మీ వరకు రాదు, మీ ఆవిడ దగ్గరికి వెళ్తుంది. ముందు ఆమెనే అడిగించండి. అల్లుడు అడిగితే మర్యాదకి "మీ ఇష్టం బాబూ" అంటారు, కూతురు అడిగితే మనసులో మాట చెబుతారు.

ఈలోగా దాచే పద్ధతి. డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు వెంటనే తీసేయండి. మా సముద్రం గాలికి ఆ కవర్లో చెమ్మ చేరి బూజు పడుతుంది, హైదరాబాద్‌లో వానాకాలం ఏం తక్కువ కాదు. ఉతికిన పాత నూలు దుప్పటిలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఉన్ని సూటుకి పురుగు భయం ఎక్కువ, అది చెమట, తిండి మరకలు ఉన్న చోటే ముందు కొరుకుతుంది. శుభ్రం చేయకుండా దాచడం అంటే దానికి విస్తరి వేసి పిలవడమే.

కూకట్‌పల్లి_కుర్రోడు

వాణి గారూ, ఆ జర్దోజీలో వెండి ఉంటుందా? పాత పట్టుచీరలు కొని జరీ కరిగిస్తారు కదా, అలా...

వైజాగ్_వాణి

పాత కంచి చీరల్లో ఉండేది వెండి తీగ, పైన బంగారు పూత. అందుకే వాటిని కొనేవాళ్లు వీధుల్లో తిరుగుతారు. ఇప్పటి ఎంబ్రాయిడరీలో ఎక్కువ భాగం రాగి తీగ, లేదా మెరుపు పూసిన పాలియెస్టర్. అనుమానముంటే లోపలి వైపు ఊడిన పోగు ఒకటి తీసి నిప్పుకి చూపించండి. ప్లాస్టిక్‌దైతే ముడుచుకుని కరిగిపోతుంది. మురళి గారి షేర్వానీ కరిగిస్తే చేతికొచ్చేది బూడిదే.

చెత్త_కాదు_వనరు

ఎవరూ దానం గురించి మాట్లాడలేదు. గూంజ్ అనే సంస్థ ఉంది. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టారు, 2015లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. ఊళ్లలో బావి తవ్వడం, దారి వేసుకోవడం లాంటి పనులు చేసుకున్న జనానికి ఆ పనికి గుర్తింపుగా బట్టలు ఇస్తారు, బిచ్చంగా కాదు. అన్నీ అక్కడికి పంపేయండి, ప్రతి బట్టా ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

గుంటూరు_టైలర్_బాషా

బాబూ, ఆ సంస్థ మీద గౌరవముంది. కానీ పొలంలో పనిచేసే మనిషికి జర్దోజీ షేర్వానీ ఎందుకు పంపాలి? రెండు రోజుల్లో చెమటకి తీగ నల్లబడుతుంది, గుచ్చుకుంటుంది కూడా. చొక్కాలు పంపండి, నూలువి, గుండీలన్నీ ఉన్నవి. ఏం కావాలో ముందు అడిగి పంపండి. మనకి బరువైనదాన్ని పక్కవాడి నెత్తిన పెట్టి దానమంటే ఎట్లా?

చెత్త_కాదు_వనరు

సరే, ఒప్పుకుంటా. పాడైపోయినవైతే? పానిపట్‌లో పాత ఉన్ని కోట్లని రంగుల వారీగా వేరుచేసి, గుండీలూ జిప్పులూ ఊడదీసి, చీల్చి, మళ్లీ నూలు తీసి దుప్పట్లు నేస్తారు. మీ సూటు ఎప్పటికైనా దుప్పటి కావచ్చు.

గుంటూరు_టైలర్_బాషా

ఫ్యూజింగ్ పొక్కులు లేచిన కోట్లకి అది మంచి దారే. కాన్వాస్ ఉన్న కోటుని చీల్చి దుప్పటి చేస్తానంటే నేను గుంటూరు నుంచి బస్సెక్కి వస్తా.

సీఏ_చందు

పన్ను ముక్క ఒకటి చెప్పి వెళ్తా. సొంతానికి వాడుకున్న బట్టలు అమ్మితే మూలధన లాభం పన్ను లేదు, చట్టం వాటిని మూలధన ఆస్తిగా చూడదు. బంగారం, నగలకి ఈ మినహాయింపు లేదు. అయినా లక్షా నలభైది పది వేలకి అమ్మేవారికి లాభం గొడవే లేదనుకోండి. దానం చేస్తే పన్ను తగ్గింపు రసీదు ఇమ్మని అడగొద్దు, అది డబ్బు రూపంలో ఇచ్చినదానికే, వస్తువులకి కాదు. పద్మజ గారూ, మీ దగ్గర వస్తువులకీ ఇస్తారు కదా?

ప్లానో_పద్మజ

ఇస్తారు, కానీ లెక్కలు విడిగా చూపించుకునేవాళ్లకే. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకి గుడ్‌విల్ లాంటి దాన సంస్థల రసీదుతో ఒరిగేది లేదు. బట్టలు మంచి స్థితిలో ఉండాలి, వస్తువుల దానం మొత్తం 500 డాలర్లు దాటితే ఫారం 8283 నింపాలి. విలువ కూడా కొన్న ధర కాదు, ఇప్పుడు పాత బట్టల దుకాణంలో ఎంతకి పోతుందో అది.

కృష్ణానగర్_కాస్ట్యూమ్స్

సినిమా, సీరియల్ కాస్ట్యూమ్ విభాగంలో పనిచేస్తా. మా వైపు అద్దె షాపులవాళ్లు కొంటారు గానీ ఒకటీ అరా అయితే బేరం గట్టిగా ఆడతారు. నాలుగైదు కలిపి తెస్తే మాట వేరు. 40, 42 సైజులకి గిరాకీ. మీ నల్ల బంద్‌గలా పనికొస్తుంది, ఎందుకంటే విలన్ నుంచి పెళ్లికొడుకు అన్నయ్య దాకా, హోటల్ మేనేజర్ దాకా ఎవరికైనా తొడగొచ్చు. ఐవరీ షేర్వానీ లైట్ల కింద తెల్లగా పేలిపోతుంది, కెమెరామెన్ తిడతాడు. లేబుల్‌కి మేం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వం. లోపల కుట్టింది తెర మీద కనపడదు కదా సార్.

ధర? కొత్తదాని ధరలో పదో వంతు వస్తే సంతోషంగా ఇచ్చి వెళ్లండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఒక హెచ్చరిక. "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అక్కడితో ఆపేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మిలటరీలో ఉన్నానని చెప్పి, వస్తువు చూడకుండానే అడిగిన ధరకి ఒప్పుకునేవాడితో మరీ జాగ్రత్త.

మియాపూర్_మురళి

తాజా సమాచారం. వాణి గారు చెప్పినట్టు మా ఆవిడే వాళ్ల నాన్నని అడిగింది. మామగారేమన్నారో తెలుసా? "ఆ తెల్లదా? అది నాకు అప్పుడే నచ్చలేదమ్మా, మీ అమ్మ ఎంచింది." ఇప్పుడు అత్తగారి అనుమతి కావాలి. ఆవిడ షిర్డీలో ఉన్నారు.

పత్తర్‌గట్టి_పాతకాపు

నిజాం ఫర్మానా కంటె అత్తగారి మాట పెద్దది. ఆగు.

వైజాగ్_వాణి

నెహ్రూ జాకెట్ మాట ముందే చెప్పండి. "అమ్మేస్తాం" అంటే నొచ్చుకుంటారు, "రోజూ వేసుకునేలా చేయిస్తాం" అంటే ఆవిడే టైలర్ దగ్గరికి వస్తారు.

మియాపూర్_మురళి

అత్తగారు వచ్చారు. జాకెట్‌కి సరే అన్నారు, ఒక షరతు మీద: కిందనుంచి తీసిన బట్టలో మిగిలిన ముక్కతో మా చిన్నోడికి కూడా ఒక జాకెట్ కుట్టించాలట. బాషా గారూ, బట్ట చాలుతుందా? వాడికి ఐదేళ్లు.

నల్ల బంద్‌గలా కృష్ణానగర్‌కి చూపిస్తా. బావమరిది చొక్కాల్లో నూలువి అడిగి గూంజ్‌కి, మెడ పట్టనివి మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి. వాళ్లు ఇంటర్వ్యూకి అప్పు తెచ్చుకున్న చొక్కాలతో వచ్చినవాళ్లే, మొహమాటపెట్టకుండా ఇస్తా. ఇక మిగిలింది సూటు. సైజు 42 అని మార్చి రాత్రి పెట్టాను, పొద్దుటికి ముగ్గురు అడిగారు. ఒకరు ఫొటో కూడా తెరవకుండా పూర్తి ధరకి ఒప్పుకున్నారు. ఆయన మిలటరీలో ఉన్నారట.

గుంటూరు_టైలర్_బాషా

చేతులు, కింద పొడుగు రెండూ కలిపితే మీ పక్క పట్టీలు పోను ముందు భాగాలకి సరిపోతుంది. వీపుకి వేరే బట్ట వేయించండి, జాకెట్ వెనక లైనింగ్ సిల్కు వేసినా అందంగానే ఉంటుంది. కత్తెర పెట్టకముందే పిల్లాడి కొలతలు తీసుకోండి, ఒక అంగుళం మార్జిన్ లోపలికి మడిచి వదలమనండి. రెండేళ్లు వస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు

అన్నా, మిలటరీ ఆయన్ని వదిలేయ్. నాకు వచ్చే నెల నిశ్చితార్థం. ఛాతీ 41, భుజం పదిహేడున్నర. ఆ సూటు భుజం ఎంత? ఇడ్లీ పాత్ర కూడా ఇస్తా.

నిర్వాహకుడు

బేరాలు ఈ విభాగంలో కుదరవు. మురళి గారూ, "అమ్మకాలు, కొనుగోళ్లు"లో కొత్త థ్రెడ్ తెరిచి కొలతలన్నీ అక్కడ రాయండి. ఫోన్ నంబర్లు బయట పెట్టకండి, ప్రైవేటు మెసేజ్‌లో ఇచ్చుకోండి. ఇడ్లీ పాత్రని చెల్లింపుగా తీసుకోవచ్చా లేదా అన్నది నియమావళిలో లేదు, అది మీ ఇష్టం.

మియాపూర్_మురళి

తెరిచాను. భుజం పద్దెనిమిది. తమ్ముడూ, ఆదివారం వచ్చి తొడిగి చూసుకో.